శుక్రవారం ఆటలు మా ఉద్యోగులను ఎందుకు కలపలేకపోయాయి

మీ సంస్థలో ముప్పై అయిదు మంది ఎవరి ఊళ్ల నుంచి వారు పనిచేస్తున్నారనీ, వారానికోసారి ఆన్‌లైన్‌లో ఆటలు పెడుతున్నా, పుట్టినరోజులకు ఇళ్లకు కేకులు పంపుతున్నా ఎవరికీ ఎవరూ దగ్గర కావడం లేదనీ, ఏడాది తిరగకుండానే పనిమంతులు వెళ్లిపోతున్నారనీ రాశారు. ఇలా దూరదూరంగా ఉన్నవారి మధ్య ఆరోగ్యకరమైన పని సంస్కృతిని ఎలా తీసుకురావాలన్నది మీ ప్రశ్న. నేను హైదరాబాద్‌లోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ సేవల సంస్థలో మేనేజర్‌ని. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యేనాటికి నా విభాగంలో పద్దెనిమిది మంది ఉండేవారు, ఇప్పుడు నలభై మంది ఉన్నారు. వారిలో సగానికి పైగా విజయవాడ, కరీంనగర్, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం వంటి చోట్ల నుంచి పనిచేస్తారు. కొందరు భువనేశ్వర్‌లోనూ కోయంబత్తూరులోనూ ఉంటారు. మీరు చెప్పిన పనులన్నీ మేమూ చేసి చూశాం కనుక, ఏది ఎందుకు ఫలించలేదో ముందుగా చెబుతాను.

శుక్రవారం సాయంత్రం గంటసేపు తంబోలా ఆడించేవాళ్లం. అందరి ముఖాలూ కనబడితేనే ఆత్మీయత పెరుగుతుందని నమ్మి, కెమెరా తప్పనిసరి అన్న నియమం పెట్టింది నేనే. శ్రీకాకుళం జిల్లా నుంచి పనిచేసే ఒక అమ్మాయి ప్రతి శుక్రవారం మేడ మెట్ల మీద కూర్చుని మాతో కలిసేది. వెనుక ఎప్పుడూ అదే సున్నపు గోడ. రెండు గదుల ఇంట్లో తాతగారి టీవీ, తమ్ముడి చదువు, వంట అన్నీ ఒకేచోట సాగుతుంటే, అవేవీ మా కంటపడకూడదని ఆమె చీకట్లో దోమల మధ్య ఆడేదన్న సంగతి నాకు ఏడాది తర్వాత గాని తెలియలేదు. తెలిసిన రోజునే ఆ నియమం తీసేశాను. ఆట ఇప్పటికీ ఉంది; వచ్చేవారు వస్తారు, రానివారిని ఎవరూ అడగరు.

అంతకంటే పెద్ద పొరపాటు 2021లో జరిగింది. ఇంట్లో ఉన్నవారు పనిచేస్తున్నారో లేదోనన్న అనుమానంతో, పది నిమిషాలకోసారి కంప్యూటర్ తెర ఫొటో తీసే సాఫ్ట్‌వేర్ పెట్టించారు మా పైవారు. పని ఏమీ పెరగలేదు గాని, మౌస్ కదిలించడం మాత్రం పెరిగింది. మా విభాగంలో అందరికంటే బాగా ఆలోచించే ఇంజినీరు, "ఆలోచించేటప్పుడు నా చెయ్యి మౌస్ మీద ఉండదు కదండీ" అన్నాడు. నాలుగు నెలలకు దాన్ని తీసేశారు. పోయిన నమ్మకం తిరిగి రావడానికి అంతకు మూడింతల కాలం పట్టింది.

అయితే మనుషులు వెళ్లిపోవడానికి అసలు కారణం ఈ రెండూ కావు. 2022లో హైదరాబాద్‌లో ఉన్నవారు ఆఫీసుకు రావడం మొదలుపెట్టారు, మిగిలినవారు ఊళ్లలోనే ఉండిపోయారు. ఒక మధ్యాహ్నం ఆఫీసు కింది టీ బండి దగ్గర నేనూ మరో ముగ్గురూ మాట్లాడుకుంటూ ఒక మాడ్యూల్‌ను, అంటే సాఫ్ట్‌వేర్‌లోని ఒక భాగాన్ని, పాత పద్ధతిలోనే ఉంచుదామనీ, కొత్త డిజైన్ వద్దనీ అనుకున్నాం. ఆ కొత్త డిజైన్ మీద పనిచేస్తున్న ఉద్యోగి రాజమహేంద్రవరంలో ఉన్నాడు. మాలో ప్రతి ఒక్కరం తక్కిన ముగ్గురిలో ఎవరో ఒకరు అతనికి చెప్పే ఉంటారనుకున్నాం. అతను మరో ఎనిమిది రోజులు, రెండు రాత్రులు కూడా మేలుకుని, అక్కరలేని పనిని పూర్తిచేసి చూపించాడు. కోప్పడలేదు. "ఒక్క మాట చెప్పి ఉంటే బాగుండేదండీ" అని మాత్రం అన్నాడు. రెండు నెలల తర్వాత రాజీనామా పంపాడు. నోటీసు కాలం చివర్లో మాట్లాడినప్పుడు, జీతం సంగతి కాదనీ, ఇక్కడ తనకు అన్నీ అందరికంటే ఆఖరున తెలుస్తాయనీ చెప్పాడు.

దూరం నుంచి పనిచేసేవారి విషయంలో సంస్కృతి అంటే, అక్కడ లేని మనిషి దగ్గరికి ఒక నిర్ణయం ఎలా చేరుతుందన్నదేనని అప్పటినుంచి నేను అనుకుంటున్నాను. ఆటలూ కేకులూ ఆ తర్వాతి మాట. అందుకే, టీ బండి దగ్గర ఎంత మాట్లాడుకున్నా, ఏం నిర్ణయించామో, ఎందుకో, వేరే ఏ మార్గాలను వద్దనుకున్నామో, అభ్యంతరం ఉంటే ఎప్పటిలోగా చెప్పాలో ప్రాజెక్టు పేజీలో రాసేంతవరకు అది నిర్ణయం కిందకు రాదనీ, నా నోటి మాట అయినా సరే దాన్ని ఎవరూ పాటించనక్కరలేదనీ నియమం పెట్టుకున్నాం. మొదటి మూడు నెలల్లో దాన్ని అందరికంటే ఎక్కువసార్లు తప్పింది నేనే. తప్పినప్పుడల్లా ఎవరో ఒకరు "పేజీలో లేదండీ" అని గుర్తుచేసేవారు. సమావేశంలో ఒక్కరు బయటి నుంచి కలుస్తున్నా, ఆఫీసులో ఉన్న ఆరుగురూ ఒక గదిలో గుమిగూడకుండా ఎవరి ల్యాప్‌టాప్ నుంచి వారే చేరాలన్నది రెండో నియమం. పక్కపక్క కుర్చీల్లో కూర్చుని తెరలో మాట్లాడుకోవడం మొదట నవ్వులాటగానే అనిపించింది. ఆఫీసులు లేకుండా నడిచే గిట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థ తన పనితీరునంతా వేల పేజీల కరదీపికగా అందరికీ కనబడేలా పెట్టింది; దాన్ని చదవండి గాని, అనుకరించబోకండి. ముప్పై అయిదు మందికి పది పేజీలు చాలు, అవి తాజాగా ఉంటే.

రాయడం అనగానే మా దగ్గర ఇంకో చిక్కు బయటపడింది. ఊళ్లలో చదువుకుని వచ్చిన పిల్లలు ఫోనులో తెలుగులో అడిగితే సమస్యను అక్షరం పొల్లుపోకుండా వివరిస్తారు, అదే ఆఫీసు సందేశాల యాప్ అయిన స్లాక్‌లో, నలభై మంది చూసే ఛానెల్‌లో ఇంగ్లీషులో రాయమంటే మౌనం వహిస్తారు. ఆ మౌనాన్ని మేం చేతగానితనమని అనుకున్నాం. కరీంనగర్ కుర్రాడొకడు, ఎవరైనా పది నిమిషాల్లో చెప్పగలిగే ఒక సర్వర్ సెట్టింగ్ కోసం మూడు రోజులు ఒంటరిగా తంటాలు పడ్డాడు. ఆఫీసులో అయితే పక్క సీటువారిని "అన్నా, ఒకసారి చూడవా" అని అడిగేసేవాడు. దీనికి మందు ఉపన్యాసం కాదు. నేనూ మా సీనియర్లూ మాకు తెలియనివాటిని అదే ఛానెల్‌లో, తప్పులున్నా దిద్దకుండా, రోజూ అడగడం మొదలుపెట్టాం. "ఇది నాకు అర్థం కాలేదు, ఎవరైనా చెప్పగలరా" అని మేనేజరే రాస్తే, ఆ కింద ఇరవై రెండేళ్ల కుర్రాడు అడగడానికి అంత సంకోచించడు. ఇద్దరూ తెలుగువారైతే తెలుగులో వాయిస్ మెసేజ్ పంపుకోవచ్చన్నాం, తేలిన విషయాన్ని మాత్రం రెండు వాక్యాల్లో ఛానెల్‌లో పెట్టాలన్నాం. దానివల్ల మరో తప్పు జరగబోయింది. ఛానెల్ అంతా తెలుగు ఛలోక్తులతో కళకళలాడుతుంటే, మేమందరం ఒకటైపోయామని మురిసిపోయాం. ఆ ఆనందం ఎవరి ఖర్చు మీదో భువనేశ్వర్‌లోని మా టెస్టర్ మౌనం చూశాక తెలిసింది. తెలుగు రానివారు ఒక్కరున్నా ఆ చోట ఇంగ్లీషేనని అప్పటినుంచి కట్టుబడ్డాం.

ఈ విషయంలో జరిగిన అధ్యయనాల్లో రెండు మా అనుభవానికి దగ్గరగా ఉన్నాయి. అమెరికాలోని మైక్రోసాఫ్ట్ ఉద్యోగులు 61 వేల మందికి పైగా 2020 మొదటి ఆరు నెలల్లో ఎవరెవరితో సంప్రదించారో పరిశీలించి 2021లో ప్రచురించిన పరిశోధన, అందరూ ఇళ్లకు వెళ్లాక ఒక్కో బృందం తనలో తాను ముడుచుకుందనీ, బృందాల మధ్య రాకపోకలు సన్నగిల్లాయనీ తేల్చింది. మా దగ్గరా సరిగ్గా అంతే జరిగింది. అందుకే కొత్తగా చేరినవారికి వేరే బృందం నుంచి ఒకరిని మూడు నెలలు తోడుగా ఇస్తున్నాం. అంతకుముందు చేరిన ఒక ఉద్యోగి నాలుగు నెలలకే మానేసినప్పుడు, ల్యాప్‌టాప్ ఒక కొరియర్‌లో వచ్చింది, ఇంకో కొరియర్‌లో వెళ్లింది. మధ్యలో ఆయన్ను సరిగా ఎరిగినవారు మాలో ఎవరూ లేరు. రెండోది, చైనాకు చెందిన సీట్రిప్ అనే ప్రయాణ సేవల సంస్థ కాల్ సెంటర్‌లో తొమ్మిది నెలల పాటు జరిగిన ప్రయోగం. ఇంటి నుంచి పనిచేసినవారి పనితీరు 13 శాతం మెరుగుపడిందన్న మాటనే అందరూ ఉదహరిస్తారు. పనితీరు సమానంగా ఉన్నవారిలో ఇంట్లో ఉన్నవారికి పదోన్నతులు తక్కువగా వచ్చాయన్న సంగతిని మాత్రం ఎవరూ ప్రస్తావించరు. నేను మా పదోన్నతుల జాబితాను తిరగేసి చూసుకున్నాను, సిగ్గుపడ్డాను. ఇప్పుడు సిఫారసు రాసేటప్పుడు ప్రతి పేరు పక్కన చేసిన పనికి ఆధారంగా రాతపూర్వక లింకులు ఉండాలంటున్నాం. ఇది ఇంకా పూర్తిగా కుదురుకోలేదు.

సాయంత్రాల సంగతి కూడా పట్టించుకోవాలి. మా క్లయింటు న్యూజెర్సీలో ఉంటారు. వారి ఉదయం పది గంటల సమావేశం వేసవిలో మనకు రాత్రి ఏడున్నరకు, నవంబరులో వారు గడియారాలు వెనక్కి తిప్పుకున్నాక ఎనిమిదిన్నరకు వస్తుంది. పసిపిల్లలున్న ఇంట్లో ఆ ఒక్క గంట తేడా చాలా పెద్దది. అందుకని శీతాకాలంలో వంతులవారీగా ఇద్దరిద్దరే హాజరవుతారు, మిగిలినవారు మర్నాడు నోట్స్ చదువుకుంటారు. క్లయింటు ఒప్పుకోరేమోనని రెండేళ్లు అడగకుండా ఊరుకున్నాను. అడిగితే ఒక్క మాటలో ఒప్పుకున్నారు.

ముఖాముఖి కలుసుకోవడానికి మాత్రం ప్రత్యామ్నాయం ఏదీ నాకు కనబడలేదు. మా సంస్థ కేకులకూ ఆన్‌లైన్ వేడుకలకూ పెట్టే ఖర్చును రైలు టికెట్లకూ బసకూ మళ్లించి, ఏడాదికి రెండుసార్లు అందరినీ మూడేసి రోజులు హైదరాబాద్‌కు రప్పిస్తున్నది. సంక్రాంతికీ పిల్లల పరీక్షలకూ అడ్డురాని తేదీలను వారే ఎంచుకుంటారు. తొలిసారి మూడు రోజులూ స్లయిడ్లతో నింపి అందరినీ విసిగించాను. రెండోసారి సగం సమయం ఖాళీగా వదిలేశాం. మెసేజ్‌లలో "ఓకే", "డన్" తప్ప రాయడు కాబట్టి పొగరుబోతని అందరూ అనుకున్న కోయంబత్తూరు మనిషి, పక్కన కూర్చుంటే కడుపుబ్బ నవ్విస్తాడని అప్పుడే తెలిసింది. ఆ తర్వాత అతని "ఓకే"ను ఎవరూ తప్పుగా తీసుకోలేదు.

మీరు రేపే మొదలుపెట్టదగిన పని ఒకటుంది. రెండు వారాల పాటు మీ సంస్థలో జరిగే ప్రతి ముఖ్య నిర్ణయానికీ రెండు తేదీలు రాసుకోండి: అది ఏ రోజున జరిగింది, దానితో సంబంధమున్న ఆఖరి మనిషికి ఏ రోజున తెలిసింది. ఆ రెండో తేదీని మీరు ఊహించవద్దు, ఆ మనిషినే అడగండి. మేం మొదటిసారి అలా లెక్క చూసుకున్నప్పుడు, అన్నిటికంటే ఎక్కువగా కనబడిన తేడా పదకొండు రోజులు.