పోలీసూ కాదు, లాయరూ కాదు, మరి మా అమ్మాయి ఏమవుతుందండీ?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో బీఏ ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్ ఫైనల్ ఇయర్. నేరాలు, పోలీసులు, జైళ్ళ మీద రీసెర్చ్ చేసి ప్రభుత్వానికి సలహాలిచ్చే పని చేస్తానంటోంది. బంధువులేమో ఎమ్మెస్సీ ఫోరెన్సిక్ చేయించండి, ఇప్పుడు మంచి డిమాండ్ అంటున్నారు. ఫోరెన్సిక్ మంచిదా, క్రిమినాలజీనా, అమెరికా పంపాలా? అయినా ఆడపిల్లకి జైళ్ళ చుట్టూ తిరిగే ఉద్యోగం ఏంటండీ? (ఒక తండ్రి, ఒంగోలు)

సార్, మీరు మూడు దారులు రాశారు గానీ మీ బెంగ అంతా ఆఖరి లైన్లోనే ఉంది. అమ్మాయి ఏం చేస్తోందని పెళ్ళివాళ్ళు అడిగితే ఒక్క ముక్కలో చెప్పలేమనే భయం కూడా ఉండే ఉంటుంది, మీరు రాయలేదంతే.

ముందు ఆ పనేంటో చెప్తా. 2022 ఆఖరికి మన దేశం జైళ్ళలో 5,73,220 మంది ఉంటే అందులో 4,34,302 మంది కేసు ఇంకా తేలనివాళ్ళే, ఇది దేశంలో నేరాలు, జైళ్ళ లెక్కలు రాసే కేంద్ర సంస్థ ఎన్‌సీఆర్‌బీ లెక్క. ఎందుకంత మంది? బెయిల్ రాకా, వచ్చినా ష్యూరిటీ ఇచ్చే దిక్కు లేకా? బెయిల్ వచ్చి ఏడు రోజుల్లో మనిషి బయటికి రాకపోతే జైలు సూపరింటెండెంట్ జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి చెప్పాలని 2023 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. చెప్పింది సరే, దానివల్ల నిజంగా మనుషులు త్వరగా బయటపడుతున్నారా? ఆ లెక్క తీసి చెప్పడమే మీ అమ్మాయి చేస్తానంటున్న పని.

నా దగ్గరికొచ్చి ఈ లైన్లోకెళ్ళిన ఒకమ్మాయి మొదటి ఆరు నెలలూ ఒక జిల్లా కోర్టు బెయిల్ ఆర్డర్లు చదివి ఎక్సెల్లో ఎక్కించింది, అరెస్ట్ తేదీ, ఆర్డర్ తేదీ, ఎన్ని వేలకి, ఎంతమంది ష్యూరిటీ. సగం కాగితాలు వంకరగా స్కాన్ చేసినవి, ఒకే మనిషి పేరు నాలుగు స్పెల్లింగుల్లో. జైలు లోపలికి వెళ్ళింది రెండే రెండుసార్లు, అదీ పర్మిషన్ కోసం మూణ్ణెల్లు ఆఫీసుల చుట్టూ తిరిగాక. కాబట్టి జైళ్ళ గురించి భయపడకండి, కళ్ళజోడు ఖర్చు గురించి ఆలోచించండి.

ఇందులో మజా ఏంటంటే మనం ఖాయం అనుకున్నవి చాలాసార్లు తిరగబడతాయి. 1970ల్లో అమెరికాలోని న్యూజెర్సీలో రాహ్‌వే అనే జైలుకి దారితప్పుతున్న కుర్రాళ్ళని తీసుకెళ్ళి, భయపడి బాగుపడతారని జీవితఖైదీలతో కేకలేయించేవాళ్ళు, టీవీలో చూసి జనం తెగ మెచ్చుకున్నారు, తర్వాత అలాంటి ప్రోగ్రాములన్నీ పోల్చి చూస్తే తీసుకెళ్ళని వాళ్ళకంటే తీసుకెళ్ళిన వాళ్ళే ఎక్కువ నేరాలు చేశారని తేలింది. మన దగ్గరా జరుగుతోంది, మధ్యప్రదేశ్‌లో 180 పోలీస్ స్టేషన్లు తీసుకుని లాటరీ వేసినట్టు కొన్నిట్లో మహిళా హెల్ప్ డెస్కులు పెట్టి చూశారు, డెస్క్ పెట్టిన చోట, ముఖ్యంగా ఆడ ఆఫీసర్లు నడిపిన చోట, ఆడవాళ్ళ ఫిర్యాదులు ఎక్కువ నమోదయ్యాయి. ఆ స్టడీ 2022లో 'సైన్స్' అనే పత్రికలో వచ్చింది.

ఇక మీ బంధువుల ఫోరెన్సిక్, అంటే నేరం జరిగిన చోట దొరికిన ఆధారాల్ని పరీక్షించే సైన్స్. 2024 జూలై 1 నుంచి అమలైన కొత్త చట్టం భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో ఏడేళ్ళు, ఆపైన శిక్ష పడే నేరాలకి ఫోరెన్సిక్ వాళ్ళు స్పాట్‌కి వెళ్ళాలన్నారు, ఏర్పాట్లకి రాష్ట్రాలకి ఐదేళ్ళ వరకు టైమిచ్చారు. అది పట్టుకుని ఎక్కడ చూసినా ఫోరెన్సిక్ అడ్మిషన్ బోర్డులే. అవసరం ఉండటం వేరు, నోటిఫికేషన్ పడటం వేరు, నాకైతే ఈ ఊపు మీద గట్టి అనుమానమే. అదంతా పక్కనపెట్టండి, మీ అమ్మాయిది బీఏ! ఎమ్మెస్సీ ఫోరెన్సిక్‌కి మంచి చోట్ల బీఎస్సీ అడుగుతారు. ఈ సంగతి మీ బంధువులు చూశారా? పోనీ మీరు చూశారా? మూడేళ్ళు లెక్కలు చదివిన పిల్ల తన దారి తాను వెతుక్కుని వస్తే, ఆమె మాట వినకుండా ఫంక్షన్‌లో కలిసిన బాబాయ్ మాట వింటారేంటండీ?

ఏఐతో నేరం ఎక్కడ జరుగుతుందో ముందే చెప్పే సర్టిఫికెట్ కోర్సులు కూడా తెగ అమ్ముతున్నారు, వాటికీ డబ్బు పోయకండి. పోలీసులు ఎక్కడ ఎక్కువ తిరిగితే అక్కడే కేసులు ఎక్కువ రాస్తారు, మెషీన్ అదే నేర్చుకుని మళ్ళీ అక్కడికే పొమ్మంటుంది. లాస్ ఏంజెలెస్ పోలీసులు అలాంటిదాన్ని ఏళ్ళపాటు వాడి 2020లో ఆపేశారు.

అమెరికాకి అప్పు చేసి మాత్రం పంపకండి. 2025 ఏప్రిల్‌లో అక్కడి న్యాయశాఖ వందలాది గ్రాంట్లు ఒక్కసారిగా రద్దు చేసింది, ఈ రంగంలో రీసెర్చ్ డబ్బు కూడా అందులో పోయింది. ఫండింగ్‌తో పీహెచ్‌డీ సీటొస్తే అప్పుడు చూద్దాం. ఇక్కడైతే ముంబైలోని టాటా సోషల్ సైన్సెస్ సంస్థ టిస్‌లో క్రిమినాలజీ, అంటే నేరాలూ శిక్షల గురించి చదివే సబ్జెక్టు, ఉంది, లేదంటే ఎకనామిక్స్‌లోనో స్టాటిస్టిక్స్‌లోనో గట్టి ఎమ్మే. నా ఓటు రెండోదానికే, ఎందుకంటే ఈ లైన్ నచ్చకపోయినా ఆ లెక్కలు ఆరోగ్యశాఖలోనో బ్యాంకులోనో పనికొస్తాయి. శామీర్‌పేటలో నల్సార్ లా యూనివర్సిటీ, కోర్టులూ చట్టాల మీద రీసెర్చ్ చేసే బెంగళూరు దక్ష్, ఢిల్లీ విధి సెంటర్ లాంటి చోట్ల ఇంటర్న్‌షిప్‌కి మెయిల్ పెట్టమనండి, పదికి ఒక్క జవాబొస్తే గొప్ప. జీతం మొదట్లో తక్కువే, సాఫ్ట్‌వేర్ మేనల్లుడితో పోల్చకండి, పైగా చాలావరకు ప్రాజెక్ట్ ఉన్నన్నాళ్ళే ఉద్యోగం. కానీ రికార్డులు చదివి లెక్క కట్టగలిగిన పిల్ల ఖాళీగా కూర్చోవడం నేనింతవరకు చూడలేదు.

పెళ్ళివాళ్ళకి ఏం చెప్పాలంటారా? పోలీసులు, జైళ్ళు, కోర్టులు ఎలా పనిచేస్తున్నాయో చూసి రాష్ట్రాలకి ర్యాంకులిచ్చే ఇండియా జస్టిస్ రిపోర్ట్ 2025లో పెద్ద రాష్ట్రాల్లో కర్ణాటక తర్వాత ఆంధ్ర, తెలంగాణ రెండు, మూడు స్థానాల్లో నిలిచాయి. అలాంటి లెక్కలు వేసే పని అని చెప్పండి.

ఈలోగా ఏ ఫోరెన్సిక్ కాలేజీకైనా అడ్వాన్స్ కట్టేసి ఉంటే, రీఫండ్ ఎప్పటిదాకా ఇస్తారో రేపే ఫోన్ చేసి కనుక్కోండి.