విపుల్ సర్జరీ తర్వాత జ్వరం: మాత్ర వేసి చూద్దామనుకోకండి

ప్రశ్న: మా నాన్నగారి వయసు 62. పాంక్రియాస్ తలభాగంలో గడ్డ వల్ల కామెర్లు వచ్చాయి. బిలిరుబిన్ 16 దాకా పెరగడంతో ముందు ఈఆర్‌సీపీ (నోట్లోంచి కెమెరా గొట్టం పంపే పద్ధతి) చేసి, పైత్యనాళం తెరిచి ఉంచే సన్నని గొట్టం, అంటే స్టెంట్ వేశారు. అయిదు వారాల తర్వాత విపుల్ సర్జరీ (పాంక్రియాస్ తలభాగాన్ని, చుట్టుపక్కల భాగాలను తీసేసి మిగిలినవాటిని పేగుకు కలిపే పెద్ద ఆపరేషన్) చేశారు. ఇప్పటికి 17 రోజులైంది, ఇంట్లోనే ఉన్నారు. పొట్టలోని నీరు బయటి సంచిలోకి రావడానికి పెట్టిన గొట్టం, అంటే డ్రెయిన్, ఒకటి ఇంకా తీయలేదు. నాలుగు రోజులుగా సాయంత్రమయ్యేసరికి 100, 101 జ్వరం వస్తోంది. పారాసిటమాల్ వేస్తే తగ్గుతోంది. స్టెంట్ వేసినప్పుడు రాసిచ్చిన సెఫిక్సిమ్ అనే యాంటీబయాటిక్ మిగిలి ఉంటే మూడు రోజులుగా అదీ ఇస్తున్నాం. నిన్న డ్రెయిన్ సంచిలో కొంచెం ఎరుపు కనిపించింది, సాయంత్రానికి మామూలైపోయింది. వచ్చే వారం చెకప్ ఉంది. అసలు స్టెంట్ వేయించడం వల్లే ఇన్‌ఫెక్షన్ వచ్చిందా? నీరసం తగ్గడానికి ఏం పెట్టాలి?

డాక్టర్ సలహా: చెకప్ దాకా ఆగకండి. ఇది చదువుతున్న వెంటనే సర్జన్‌కు ఫోన్ చేసి, నాన్నగారిని ఆపరేషన్ చేసిన ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. ఈ జవాబు సైట్‌లో వచ్చేలోగా ఆలస్యం అవుతుందని డెస్క్ వాళ్లతో మీకు ముందే కబురు పంపించాను. ఇలాంటి ఆపరేషన్ అయినవాళ్లు చాలామంది చదువుతారు కాబట్టి కారణం కూడా రాస్తున్నాను.

మీరు స్టెంట్ గురించీ తిండి గురించీ అడిగారు. నన్ను భయపెట్టింది మాత్రం డ్రెయిన్‌లో కనిపించిన ఆ ఎరుపు. అది ఆగిపోయింది కదా అని మీరు తేలికపడ్డారు. విపుల్ తర్వాత రెండు మూడు వారాల్లో కొద్దిగా రక్తం కనిపించి దానంతటదే ఆగిపోతే మేం మరింత జాగ్రత్తపడతాం. పాంక్రియాస్ రసానికి మాంసకృత్తులను అరిగించే గుణం ఉంది. కొత్తగా కుట్టిన అతుకు దగ్గర అది కాస్త కారినా, దానికి బ్యాక్టీరియా తోడైతే, పక్కనున్న రక్తనాళం గోడను కొరికేస్తుంది. విపుల్‌లో మేం కత్తిరించి కట్టి వదిలేసే ధమని మొదలు సరిగ్గా అక్కడే ఉంటుంది. గోడ పలచబడి బుడగలా ఉబ్బుతుంది. ముందు కొద్దిగా రక్తం చిమ్మి ఆగుతుంది. తర్వాత కొన్ని గంటలకో, ఒకటి రెండు రోజులకో ఒక్కసారిగా పెద్దగా రక్తస్రావం కావచ్చు. ఆ మొదటి చిన్న రక్తాన్ని సెంటినల్ బ్లీడ్ అంటాం, అంటే ముందస్తు హెచ్చరిక.

మీ నాన్నగారికి అదే జరిగిందని నేను చెప్పడం లేదు. గొట్టం లోపల ఒరుసుకుని కూడా ఎరుపు రావచ్చు. ఏది అన్నది మనిషిని చూసి, సీటీ యాంజియోగ్రామ్ (రక్తనాళాలను చూపే స్కాన్) తీస్తే తేలుతుంది, ఉత్తరం చదివి తేల్చలేం. నిజంగా ఉబ్బు ఉన్నా, ముందే కనిపెడితే చాలామందికి మళ్లీ పొట్ట తెరవకుండా, తొడ దగ్గరి ధమనిలోంచి సన్నని గొట్టం పంపి కాయిల్ అనే చిన్న తీగచుట్టతో మూసేయవచ్చు. అందుకే ఇంటి దగ్గరి క్లినిక్‌కు కాకుండా సీటీ, ఐసీయూ, ఈ పని చేయగల రేడియాలజిస్టు ఉన్న చోటికి వెళ్లమంటున్నాను. ఈలోపు డ్రెయిన్‌ను లాగడం, కడగడం, తీసేయడం చేయకండి. రక్తం గడ్డకట్టకుండా ఇంజెక్షన్ గానీ మాత్ర గానీ వాడుతుంటే ఈ రోజు డోసు ఇచ్చేముందు సర్జన్‌ను అడగండి. దారిలో మళ్లీ ఎరుపు వచ్చినా, రక్తపు వాంతి లేదా నల్లటి విరేచనం అయినా, కళ్లు తిరిగి చెమటలు పట్టినా అంబులెన్స్ పిలిపించి దగ్గర్లోని పెద్ద ఎమర్జెన్సీకి వెళ్లండి.

ఇక జ్వరం. పైత్యరసంలో మామూలుగా బ్యాక్టీరియా ఉండదు. పైత్యనాళం పేగులోకి తెరుచుకునే చోట కండరంతో చేసిన కవాటం ఒకటి ఉంటుంది. పేగులోని సూక్ష్మజీవులు పైకి ఎక్కకుండా అది చాలావరకు కాపలా కాస్తుంది. స్టెంట్ ఆ కవాటం మధ్యలోంచి వెళ్తుంది కాబట్టి తలుపు తెరిచి ఉన్నట్టే. కొన్ని వారాల్లో ఈ కోలై, క్లెబ్సియెల్లా, ఎంటరోకాకస్ లాంటివి స్టెంట్ గోడకు జిగురు పొరలా అంటుకుని స్థిరపడతాయి. కొందరిలో క్యాండిడా అనే ఫంగస్ కూడా చేరుతుంది. ఆపరేషన్‌లో పైత్యనాళం కోసినప్పుడు ఆ రసం కాస్తయినా పొట్టలోకి, గాయం అంచులకు తగులుతుంది. స్టెంట్ వేయించుకున్నవాళ్లలో కుట్ల దగ్గర చీము పట్టడం ఎక్కువగా కనిపించడానికి ముఖ్య కారణం ఇదే.

మీరిచ్చిన సెఫిక్సిమ్‌తో చిక్కు ఇక్కడే వస్తుంది. సెఫిక్సిమ్ సెఫలోస్పోరిన్ల కుటుంబంలోది, ఆ కుటుంబంలో మనం రోజూ వాడే మందులు ఎంటరోకాకస్ మీద పనిచేయవు. స్టెంట్ సమయంలో ఒక కోర్సు వాడారు కాబట్టి, మిగిలిన బ్యాక్టీరియాలో ఆ మందుకు లొంగనివే ఎక్కువ ఉండే అవకాశం ఉంది. అమెరికా, కెనడాల్లోని 26 ఆసుపత్రుల్లో 778 మంది మీద జరిగిన అధ్యయనం 2023లో వెలువడింది. ఈ ఆపరేషన్ సమయంలో సెఫాక్సిటిన్ అనే సెఫలోస్పోరిన్ ఇచ్చినవాళ్లలో 32.8 శాతం మందికి నెలలోపు ఆపరేషన్ చోట ఇన్‌ఫెక్షన్ వస్తే, పిపెరాసిలిన్-టాజోబాక్టమ్ అనే మరో యాంటీబయాటిక్ ఇచ్చినవాళ్లలో 19.8 శాతం మందికే వచ్చింది. ఇది చదివి ఆ మందు కోసం పరుగెత్తకండి. ఆపరేషన్ బల్ల మీద ముందుజాగ్రత్తగా నరంలోకి ఇచ్చిన మందు గురించి ఆ లెక్క. ఎక్కడ ఏ బ్యాక్టీరియా ఉందో చూసుకుని మందు ఎంచుకోవాలని చెప్పడానికే ఇది రాశాను. పైగా లోపల చీము గూడు కట్టి ఉంటే ఎంత గట్టి యాంటీబయాటిక్ అయినా ఒక్కటే చాలదు. స్కాన్ చూసుకుంటూ సూది గొట్టంతో ఆ చీమును బయటికి తీయాలి. మూడు రోజులు మీరిచ్చిన మాత్రలు బ్యాక్టీరియాను చంపలేకపోయినా, రేపు బ్లడ్ కల్చర్‌లో (రక్తంలోని బ్యాక్టీరియాను ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష) ఏమీ పెరగకుండా మాత్రం చేయగలవు. అప్పుడు సరైన మందు ఎంచుకోవడానికి మాకు ఆధారం ఉండదు.

పారాసిటమాల్ గురించి కూడా కాస్త గట్టిగానే చెప్పాలి. కొన్నేళ్ల క్రితం ఇదే ఆపరేషన్ అయిన ఒకాయన్ను వాళ్లబ్బాయి తీసుకొచ్చాడు. నోటుబుక్కులో జ్వరం పట్టిక ఎంతో శ్రద్ధగా రాసుకొచ్చాడు. వారం రోజులుగా అన్నీ 98, 99లే. కానీ ఆయన నాడి 124 ఉంది, చేతులు చల్లగా ఉన్నాయి, అడిగినదానికి పొంతన లేకుండా జవాబిస్తున్నారు. పట్టిక మళ్లీ చూస్తే, ఆరు గంటలకోసారి మాత్ర వేసి, గంట తర్వాత థర్మామీటర్ పెట్టారు. లోపల చీము అలాగే పెరుగుతూ వచ్చింది. ఆయన కోలుకున్నారు, కానీ ఐసీయూలో చాలా రోజులు ఉండాల్సి వచ్చింది. పారాసిటమాల్ చెడ్డ మందు కాదు. విపుల్ అయిన మనిషికి జ్వరం చూడకుండా, టైమ్ రాయకుండా, డాక్టరుకు చెప్పకుండా వేయడమే తప్పు. పెద్ద వయసువాళ్లకు, షుగర్ ఉన్నవాళ్లకు ఒంట్లో ఇన్‌ఫెక్షన్ ముదిరినా జ్వరం రాకపోవచ్చు. రెండు దుప్పట్లు కప్పినా ఆగని వణుకు, మూత్రం తగ్గడం, కొత్తగా మగతగా ఉండటం వీటిలో ఏ ఒక్కటి కనిపించినా జ్వరం 98 ఉన్నా సరే వెళ్లాల్సిందే. కుట్లు మానాక, నెలల తర్వాత కూడా, చలితో జ్వరం వచ్చి కళ్లు పచ్చబడితే పేగుకు కలిపిన పైత్యనాళంలో ఇన్‌ఫెక్షన్ అనుకోవాలి.

నాలుగు రోజులు ఎందుకు ఆగారని కోప్పడాలనే ఉంది. 17 రోజుల క్రితం అంత పెద్ద ఆపరేషన్ అయిన మనిషికి ఒక్క సాయంత్రం 101 వస్తే ఆ రాత్రే ఫోన్ చేయాలి. డాక్టర్ విసుక్కుంటారేమోనని మొహమాటపడకండి. ఆ ఫోన్ ఎత్తడం మా పనే.

డ్రెయిన్ సంచిని తెల్లని గుడ్డ ముందు పెట్టి వెలుతురులో చూడటం నేర్చుకోండి. లేత పసుపు నీరైతే సాధారణంగా ఫరవాలేదు. ముదురు ఆకుపచ్చ అయితే పైత్యరసం కావచ్చు. బూడిదరంగులో చిక్కగా, దుర్వాసనతో ఉంటే లీకుకు ఇన్‌ఫెక్షన్ తోడైందని అనుమానిస్తాం. ఆ నీటిలో అమైలేజ్ అనే పాంక్రియాస్ ఎంజైమ్ ఎంతుందో పరీక్ష చేయిస్తే లీకు సంగతి తెలుస్తుంది.

స్టెంట్ వేయించడం పొరపాటా అంటే, మీరు చెప్పిన వివరాలను బట్టి అలా అనలేను. నెదర్లాండ్స్‌లో 202 మంది మీద చేసి 2010లో ప్రచురించిన అధ్యయనంలో నేరుగా ఆపరేషన్‌కు వెళ్లినవాళ్లలో 39 శాతం మందికి, ముందు స్టెంట్ వేసినవాళ్లలో 74 శాతం మందికి తీవ్రమైన ఇబ్బందులు వచ్చాయి. అందుకే ఇప్పుడు అందరికీ స్టెంట్ వేయం. కానీ అందులో బిలిరుబిన్ సుమారు 14.6 దాటినవాళ్లను చేర్చుకోలేదు, వాడింది ప్లాస్టిక్ స్టెంట్లు. పైత్యనాళంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా, కామెర్లు బాగా ముదిరినా, ఆపరేషన్‌కు ముందు కీమో ఇవ్వాల్సి వచ్చినా, ఆపరేషన్ ఆలస్యమయ్యేలా ఉన్నా స్టెంట్ అవసరమే. 16 ఉన్న మనిషికి మీ డాక్టర్లు ఆ నిర్ణయం తీసుకున్నారంటే కారణం ఉండే ఉంటుంది. ఆ టెన్షన్ ఇప్పుడు పెట్టుకోకండి.

తిండి విషయం ఈ రోజు వదిలేయండి. వాళ్లు చూసేదాకా నోటికి ఏమీ ఇవ్వకపోవడమే మంచిది, స్కాన్ గానీ ప్రొసీజర్ గానీ పడవచ్చు. ఇన్సులిన్ తీసుకుంటుంటే తిండి లేకుండా మామూలు డోసు వేసేయకండి, ఫోన్‌లో అడగండి. గండం గడిచాక కొద్దికొద్దిగా ఎక్కువసార్లు పెట్టడం, ప్రొటీన్, ఎంజైమ్ క్యాప్సూల్ రాసి ఉంటే అన్నం తింటున్నప్పుడే వేయడం ఇవన్నీ డైటీషియన్ చూసుకుంటారు. నీరసానికి కారణం తిండి తక్కువై కాకపోవచ్చు, లోపలి ఇన్‌ఫెక్షన్ కావచ్చు.

వెళ్లేటప్పుడు డిశ్చార్జ్ కాగితాలతో పాటు, ఆపరేషన్ రోజు పైత్యరసం కల్చర్‌కు పంపి ఉంటే ఆ రిపోర్టు తీసుకెళ్లండి, లేకపోతే అక్కడే అడిగి తీయించండి. సగం వాడిన సెఫిక్సిమ్ షీటు కూడా తీసుకెళ్లండి. తిడతారేమోనని చాలామంది దాన్ని దాస్తారు. ఏ రోజు నుంచి, రోజుకు ఎన్ని, చివరి మాత్ర ఎన్నింటికి వేశారు, పారాసిటమాల్ ఎప్పుడు వేశారు అన్నది చీటీ మీద రాసి, ఎమర్జెన్సీలో మొదట కనిపించిన డాక్టరు చేతికివ్వండి.