మబ్బు కింద సున్నా రాయకు

చిరంజీవి అమ్మడికి పెదనాన్న ఆశీస్సులు.

కరీబియన్ దీవి బార్బడోస్‌కు వెళ్తున్నావనీ, ఒడ్డుకు కొట్టుకొచ్చే సర్గాసం నాచు రాకను ముందే లెక్కగట్టే పనిలో చేరుతున్నావనీ మీ నాన్న చెప్పాడు. వీధిలో కనిపించిన వాళ్ళందరికీ గొప్పగా చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

నాచు ఎటు కదులుతుందో లెక్కగట్టే కంప్యూటర్ మోడల్లో సముద్ర ప్రవాహంతో పాటు గాలినీ కలుపు. నాచు నీటిపైనే తేలుతుంది, గాలి దాన్ని తోస్తుంది. మిగతా కంప్యూటర్ పని నాకంటే నీకే బాగా తెలుసు.

2018 జూన్ సంగతి చెప్పాలి. పశ్చిమాఫ్రికా నుంచి మెక్సికో సింధుశాఖ దాకా 8,850 కిలోమీటర్ల పొడవున, రెండు కోట్ల టన్నులకు పైగా నాచు పరుచుకున్న ఏడాది అది. ఆ దీవి తూర్పు తీరంలో ఒక పల్లెకు నేను వారం వారం కబురు పంపేవాణ్ణి. ఒక వారం ఉపగ్రహ చిత్రంలో సముద్రం శుభ్రంగా కనిపించింది. ‘ఈ వారం భయం లేదు’ అని పంపేశాను. అది శుభ్రం కాదు తల్లీ, మబ్బు. చిత్రంలో మబ్బు కమ్మిన గడులను ప్రోగ్రాం ఖాళీగా వదిలేస్తే, వాటిలో ‘నాచు లేదు’ అన్నట్టు సున్నాలు నింపే కోడ్ వరుస రాసింది నేనే. మూడో రోజు తెల్లారేసరికి రేవంతా మోకాటి లోతు గోధుమరంగు నాచు. ఒక ముసలాయన పడవ మోటారు రెక్కలకు చుట్టుకున్నదాన్ని కత్తితో పోగు పోగుగా కోస్తున్నాడు. నన్ను తిట్టలేదు. మిరియాల్లాంటి గాలి బుడగలున్న కొమ్మ ఒకటి నా చేతిలో పెట్టి, ‘మొన్న వేటకు వెళ్ళినప్పుడే చూశాను. నన్ను అడగలేదేం?’ అన్నాడు.

మబ్బును మబ్బుగానే చూపించు. ‘తెలియదు’ అని రాయడానికి నీకు సిగ్గు. చిన్నప్పుడు ఎక్కం మరిచిపోతే తప్పు అంకెనే గట్టిగా అరిచేదానివి! నేను నవ్వేవాణ్ణి, నవ్వకుండా ఉండాల్సింది.

ఇక అసలు భయం. ఒడ్డున పడ్డ నాచు రెండు రోజుల్లో కుళ్ళడం మొదలుపెడుతుంది. కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తుంది, అది హైడ్రోజన్ సల్ఫైడ్. కాసేపటికి ముక్కు మొద్దుబారి వాసన తెలియదు. వాయువు మాత్రం అక్కడే ఉంటుంది. నీకా ఉబ్బసం. గాలి వచ్చే వైపు నిలబడు. ఇన్‌హేలర్ సంచిలో కాదు, జేబులో ఉండాలి. విసుక్కోకు, మీ పెద్దమ్మ కూడా ఇదే చెప్పమంది.

దిగిన వారంలోనే ఆ రేవుకు వెళ్ళు. ఆ ముసలాయన ఇంకా ఉంటే, ముందు ఆయన చెప్పేది రాసుకో. నా పేరు తర్వాత చెప్పవచ్చు.

మీ పెదనాన్న