నాన్నగారికి నలుగురు డాక్టర్లు, రోజుకు పదకొండు మాత్రలు

ప్రశ్న: మా నాన్నగారికి 78 ఏళ్లు. షుగర్, బీపీ, ప్రోస్టేట్, మోకాళ్ల నొప్పులు. ఒక్కోదానికి ఒక్కో డాక్టరు, మొత్తం 11 మాత్రలు. తెల్లవారుజామున బాత్రూంకి వెళ్తూ రెండుసార్లు పడ్డారు. స్కాన్‌లో ఏమీ లేదట. వృద్ధుల వైద్య నిపుణుడికి చూపిస్తే కొత్తగా ఏం చేస్తారు?
– ఒక పాఠకురాలు, మల్కాజ్‌గిరి

జవాబు: ఏ మాత్ర తీసేయాలో ముందు చూస్తారు. జెరియాట్రిక్స్‌లో, అంటే వృద్ధుల వైద్యంలో, సగం పని అదే. బీపీకి వాడే ఆమ్లోడిపిన్‌తో కొందరికి పాదాలు వాస్తాయి. ఆ వాపు చూసి మరొకరు నీరు తీసే మాత్ర రాస్తారు. దాంతో రాత్రి మూడుసార్లు లేవాల్సి వస్తుంది. ప్రోస్టేట్‌కి వాడే టామ్‌సులోసిన్ కొందరిలో లేచి నిలబడగానే బీపీని దించుతుంది. ఇన్ని కలిసినప్పుడు మనిషి పడిపోక ఏం చేస్తాడు?

ఇంట్లోనే చూడండి. ఆయన్ని 5 నిమిషాలు పడుకోబెట్టి బీపీ కొలవండి. నిలబెట్టి 1 నిమిషానికి, 3 నిమిషాలకి మళ్లీ కొలవండి. ఒకరు పక్కనే పట్టుకుని ఉండాలి. పై అంకె 20, లేదా కింది అంకె 10 తగ్గితే కారణం దొరికినట్టే. గ్లిమిపిరైడ్‌లాంటి షుగర్ మాత్ర వేసుకుని రాత్రి సరిగా తినకపోతే తెల్లవారుజామున షుగర్ పడిపోవచ్చు. తెల్లవారుజామున 3 గంటలప్పుడు ఒక్కసారి గ్లూకోమీటర్‌తో చూడండి. 70 కంటే తక్కువుంటే, మెలకువగా ఉన్నప్పుడే, 3 చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ పరీక్షించండి.

డాక్టరు దగ్గరికి చీటీలు ఒక్కటే కాదు, మాత్రల అట్టలన్నీ సంచిలో వేసుకెళ్లండి. జలుబు మాత్రలు, ఆయుర్వేదం కూడా. క్లోర్‌ఫెనిరమిన్ ఉన్న జలుబు మాత్ర ప్రోస్టేట్ సమస్య ఉన్నవారికి మూత్రం బిగబట్టేయవచ్చు. అది కొన్నది మెడికల్ షాపులో కాబట్టి ఏ చీటీలోనూ కనబడదు. మీ అంతట మీరు మాత్రం ఏదీ ఆపకండి.

ప్రశ్న: మా అమ్మకు 84. తుంటి ఎముక విరిగితే అయిదో రోజు ఆపరేషన్ చేశారు. తర్వాత మమ్మల్నే గుర్తుపట్టలేదు. ఇంగ్లండ్‌లో ఎముకల వార్డులోనే వృద్ధుల డాక్టరు ఉంటారని మా మేనకోడలు అంటోంది. నిజమేనా?
– ఒక పాఠకుడు, మెహదీపట్నం

జవాబు: నిజమే, కానీ మొదటినుంచీ అలా లేదు. 1935లో లండన్ దగ్గరి వెస్ట్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో మార్జరీ వారెన్ అనే డాక్టరు చేతికి వచ్చినవాళ్లు మంచానికే వదిలేసిన ముసలివాళ్లు. ఆమె వాళ్లను పరీక్షించి, లేపి, నడిపించి చాలామందిని ఇంటికి పంపింది. 1948లో జాతీయ ఆరోగ్య సేవ మొదలయ్యాక కూడా ఈ విభాగమంటే చాలాకాలం వెనకవైపు దీర్ఘకాలిక వార్డులే. తర్వాత అది ఎమర్జెన్సీ గుమ్మం దాకా వచ్చింది. తుంటి విరిగినవాళ్ల విషయంలో 2010లో డబ్బుతో ముడిపెట్టారు: 36 గంటల్లో ఆపరేషన్, 72 గంటల్లో వృద్ధుల వైద్యుడి పరీక్ష, ఇంకొన్ని షరతులు నెరవేరితేనే ఆసుపత్రికి అదనపు సొమ్ము. మాటలకన్నా ఆ నిబంధన బాగా పనిచేసిందని మా అభిప్రాయం.

మన దేశంలో తొలి వృద్ధుల వైద్య విభాగం 1978లో మద్రాసు మెడికల్ కాలేజీలో మొదలైంది. 2010–11లో వచ్చిన జాతీయ కార్యక్రమం జిల్లా ఆసుపత్రికి 10 పడకల వార్డు, ప్రాథమిక కేంద్రంలో వారానికో క్లినిక్ ఉండాలంది. కానీ ఎముకల వార్డులో ఆ డాక్టరు కనబడడం ఇక్కడ ఇంకా అరుదే. కాబట్టి అడగాల్సింది మీరే. ఆపరేషన్ ఆలస్యమైతే "ఫిట్‌నెస్ దేనికోసం ఆగింది? ఎకో అనే గుండె స్కాన్ ఎప్పుడు?" అని చేర్చిన రోజే అడగండి. మంచంలో గడిచే ప్రతి రోజూ పుండ్లకు, న్యుమోనియాకు దారి.

ఆపరేషన్ తర్వాత ఇలా హఠాత్తుగా తికమకపడి గుర్తుపట్టకపోవడాన్ని డెలీరియం అంటారు. అది మతిమరుపు జబ్బు కాదు. చాలామందికి తగ్గుతుంది, కొందరికి వారాలు పడుతుంది. కళ్లద్దాలు, వినికిడి యంత్రం, కట్టుడు పళ్లు ఆసుపత్రికే తీసుకెళ్లండి. ఎదురుగా గడియారం, పక్కన తెలిసిన మనిషి ఉండాలి. మూత్రం గొట్టం ఎప్పుడు తీస్తారో, విరేచనం అయిందో లేదో రోజూ అడగండి. నిద్రమాత్ర వద్దని చెప్పండి, నొప్పికి మాత్రం మందు వేళకు పడాలి. డాక్టరు సరేనంటే మర్నాడే కుర్చీలో కూర్చోబెట్టాలి.

ప్రశ్న: నాకు 72. ఆదాయంతో పనిలేని ఆయుష్మాన్ కార్డు ఓపీకి పనికొస్తుందా?
– ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: 2024 అక్టోబర్ నుంచి 70 దాటినవారికి ఆయుష్మాన్ భారత్ కింద కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా చికిత్స ఉంది. ఆధార్‌లో వయసు సరిగా ఉండాలి. అది ఆసుపత్రిలో చేరితేనే. ఓపీ ఫీజుకు, నెలనెలా కొనే మాత్రలకు రాదు. వివరాలకు 14567కు ఫోన్ చేయండి. వృద్ధుల కోసం ఉన్న ఈ ఉచిత లైను 2017లో మన హైదరాబాద్‌లోనే మొదలైంది.