జీవన ఎరువులు వేస్తే యూరియా ఎంత తగ్గించవచ్చు?

ప్రశ్న: సాగర్ ఎడమ కాలువ కింద మాకు ఐదెకరాల వరి ఉంది. గత యాసంగిలో దుకాణంలో ఇచ్చిన అజోస్పైరిల్లం, ఫాస్ఫో బ్యాక్టీరియా పొడులను భాస్వరం ఎరువైన డి.ఎ.పి.లో కలిపి ఆఖరి దమ్ములో చల్లాము. యూరియా ఎప్పటిలాగే వేశాము. పైరులో ఏ తేడా కనిపించలేదు. ఈ పొడుల వల్ల నిజంగా ప్రయోజనం ఉందా? ఉంటే రసాయన ఎరువులను ఎంతవరకు తగ్గించుకోవచ్చు?
– ఒక రైతు, మిర్యాలగూడ

జవాబు: ఆ పొడులే జీవన ఎరువులు. వాటిలో ఉండేవి ప్రాణమున్న సూక్ష్మజీవులు కాబట్టి అవి బతికి వేరును చేరితేనే ఫలితం ఉంటుంది. డి.ఎ.పి. గుళికలు కరిగేటప్పుడు వాటి చుట్టూ చిక్కని లవణ ద్రావణం ఏర్పడుతుంది. అందులో పడిన బ్యాక్టీరియా చాలావరకు చచ్చిపోతుంది. ఇక రెండో సంగతి. అజోస్పైరిల్లం వరి వేర్లపైన, వేర్ల చుట్టూ చేరి, వేరు విడుదల చేసే చక్కెరలు, ఆమ్లాలను తిని బతుకుతూ గాలిలోని నత్రజనిని స్థిరీకరిస్తుంది, అంటే మొక్క వాడుకోగల రూపంలోకి మారుస్తుంది. ఆ పనికి దానికి చాలా శక్తి ఖర్చవుతుంది కనుక, దగ్గరలో అమ్మోనియా రూపంలో నత్రజని పుష్కలంగా దొరికితే స్థిరీకరణను ఆపేస్తుంది. పూర్తి మోతాదు యూరియా పడిన మడిలో దాని పని కంటికి కనిపించకపోవడంలో ఆశ్చర్యం లేదు.

అజోస్పైరిల్లంను సరిగా వాడితే సిఫారసు చేసిన నత్రజనిలో నాలుగో వంతు వరకు తగ్గించుకోవచ్చునన్నది సాధారణంగా ఇచ్చే సలహా. ఉదాహరణకు మీ భూసార పరీక్ష ఫలితం ప్రకారం ఎకరాకు 48 కిలోల నత్రజని అవసరమైతే, అందులో తగ్గించగలిగేది 12 కిలోలు. 45 కిలోల యూరియా బస్తాలో 20.7 కిలోల నత్రజని ఉంటుంది కాబట్టి, మీరు మిగుల్చుకునేది ఎకరాకు అరబస్తా పైచిలుకు మాత్రమే. అంతకు మించి ఆశ పెట్టే ప్రకటనలను నమ్మవద్దు. ఈ తగ్గింపును కూడా మొదటి పంటలోనే ఐదెకరాలకూ వర్తింపజేయకుండా, ఒక మడిలో మాత్రమే చేసి, పక్క మడితో దిగుబడిని తూకం వేసి పోల్చుకోండి. తగ్గించేది మొదటి దఫాలో తగ్గించండి. చిరుపొట్ట దశలో (వెన్ను ఏర్పడడం మొదలయ్యేటప్పుడు) వేసే యూరియా జోలికి పోవద్దు.

మీ ఆయకట్టు పొలాల్లో నత్రజని కన్నా భాస్వరం విషయంలోనే జీవన ఎరువులతో ఎక్కువ మేలు జరుగుతుందని నా అభిప్రాయం. వేసిన భాస్వరంలో ఆ పంట తీసుకునేది ఐదో వంతుకు అటూ ఇటూగా ఉంటుంది. మిగిలినది నేలలోని సున్నంతోనో, ఇనుముతోనో, అల్యూమినియంతోనో కలిసి కరగని రూపంలో ఉండిపోతుంది. ఏటా రెండు పంటలకూ డి.ఎ.పి. వేస్తూ వచ్చిన మడుల్లో ఈ నిల్వ పేరుకుపోయి ఉంటుంది. ఫాస్ఫో బ్యాక్టీరియా సేంద్రియ ఆమ్లాలను విడుదల చేసి ఆ నిల్వను కరిగించి వేరుకు అందిస్తుంది. అయితే నేలలో లేని భాస్వరాన్ని అది పుట్టించలేదు. అందువల్ల పరీక్షలో భాస్వరం ‘ఎక్కువ’ అని వచ్చిన పొలంలోనే డి.ఎ.పి. తగ్గించాలి, ‘తక్కువ’ అని వస్తే తగ్గించకూడదు. భాస్వరం మితిమీరితే వరిలో జింకు లోపం ముదురుతుంది కాబట్టి, ఎక్కువ ఉన్నచోట డి.ఎ.పి. తగ్గించడం వల్ల అదనంగా ఈ మేలు కూడా ఉంటుంది. డి.ఎ.పి. బస్తాలో 9 కిలోల నత్రజని కూడా ఉంటుందన్న సంగతి లెక్కలో మరవవద్దు.

వేసే పద్ధతి ఇది. డి.ఎ.పి.ని ఎప్పటిలాగే ఆఖరి దమ్ములో వేయండి. ఎకరాకు రెండేసి కిలోల చొప్పున రెండు పొడులనూ, బాగా మాగి జల్లెడ పట్టిన పశువుల ఎరువు వంద కిలోలలో కలిపి, కొద్దిగా తడిపి, నీడలో గోనె పట్టా కప్పి ఒక రాత్రి ఉంచి, నాటు వేసిన వారానికి, నీరు పలచగా ఉన్నప్పుడు సాయంత్రం పూట చల్లండి. నాటిన మూడు నుంచి ఐదు రోజుల్లో ఇసుకలో కలిపి చల్లే కలుపు మందుతో మాత్రం దీన్ని కలపకూడదు. కూలీ కలిసి వస్తుందని చాలామంది చేసే పొరపాటు ఇదే. నారు పీకిన తరువాత అజోస్పైరిల్లం కలిపిన నీటిలో వేర్లను ఇరవై నిమిషాలు ముంచి నాటడం ఇంకా మంచి పద్ధతి, ఎందుకంటే బ్యాక్టీరియా నేరుగా వేరును అంటుకుంటుంది.

ప్రశ్న: మాది మహబూబ్‌నగర్ జిల్లా, వర్షాధార చల్క (ఎర్ర ఇసుక) నేల. జొన్నలో కంది అంతర పంటగా వేస్తాము. కొంత మక్క కూడా ఉంది. తెలిసినవారు రైజోబియం పొట్లాలు ఇచ్చారు. అన్ని విత్తనాలకూ పట్టించవచ్చా?
– ఒక పాఠకుడు, జడ్చర్ల

జవాబు: రైజోబియంను కంది విత్తనానికి మాత్రమే పట్టించండి. ఆ బ్యాక్టీరియా పప్పుజాతి మొక్కల వేర్లపై బుడిపెలు ఏర్పరచి, వాటిలో నత్రజనిని స్థిరీకరిస్తుంది. జొన్న, మక్క వేర్లపై బుడిపెలు ఏర్పరచదు. పొట్లంపై ఏ పంట పేరు రాసి ఉందో కూడా చూడండి, ఎందుకంటే వేరుశనగకు తయారుచేసిన రకం కందికి సరిగా పనిచేయకపోవచ్చు. జొన్నకు, మక్కకు అజోస్పైరిల్లం గాని, నత్రజనిని స్థిరీకరించే మరో బ్యాక్టీరియా అయిన అజోటోబాక్టర్ గాని వాడుకోవాలి. పది కిలోల విత్తనానికి 200 గ్రాముల పొడి సరిపోతుంది. బెల్లం నీటిని మరగబెట్టి, పూర్తిగా చల్లార్చి, అందులో పొడి కలిపి విత్తనానికి పట్టించి, నీడలో ఆరబెట్టి అదే రోజు విత్తుకోవాలి. శిలీంధ్రనాశక మందు పట్టించేది ఉంటే అది ముందు రోజే పూర్తి కావాలి, జీవన ఎరువు చివరిది కావాలి.

మీ నేల గురించి ఒక మాట దాచకుండా చెప్పాలి. సేంద్రియ కర్బనం అర శాతం కన్నా తక్కువ ఉన్న చల్కలో ఈ సూక్ష్మజీవులకు తిండీ ఉండదు, తేమా నిలవదు. అలాంటిచోట మొదటి ఏడాది యూరియా తగ్గించమని నేను చెప్పను. మక్కకైతే అసలే చెప్పను, దానికి నత్రజని ఆకలి ఎక్కువ. చెరువు పూడిక మట్టి గాని పశువుల ఎరువు గాని తోలుకుంటూ, రెండు మూడేళ్లు జీవన ఎరువు వాడిన తరువాత మళ్లీ పరీక్ష చేయించి తగ్గింపు సంగతి ఆలోచించండి. ఈలోగా అజోస్పైరిల్లం విడుదల చేసే హార్మోన్ల వల్ల వేరు గుబురుగా పెరుగుతుంది. వాన ముఖం చాటేసిన రోజుల్లో జొన్నకు ఆ మేలు చిన్నదేమీ కాదు. పొడి దుక్కిలో మాత్రం విత్తవద్దు.

ప్రశ్న: కొనేటప్పుడు పొట్లంలోని బ్యాక్టీరియా బతికే ఉందని ఎలా గుర్తించాలి?
– ఒక మహిళా రైతు, దేవరకొండ

జవాబు: కంటితో చూసి గాని వాసన చూసి గాని గుర్తించలేమమ్మా; ప్రయోగశాల పరీక్ష ఒక్కటే దారి. అందుకే ముద్రించిన వివరాలను శ్రద్ధగా చదవాలి. 2006లో జీవన ఎరువులను ఎరువుల నియంత్రణ ఉత్తర్వు పరిధిలోకి తెచ్చారు. దాని ప్రకారం పొడిలో గ్రాముకు కనీసం 5 కోట్లు, ద్రవంలో మిల్లీలీటరుకు కనీసం 10 కోట్లు బతికి ఉన్న బ్యాక్టీరియా ఉండాలి. బ్యాక్టీరియా పేరు, బ్యాచ్ సంఖ్య, తయారీ తేదీ, గడువు తేదీ లేని పొట్లాన్ని కొనవద్దు. గడువు ఉన్నా, ఏప్రిల్, మే నెలల్లో రేకుల షెడ్డులో ఉంచిన సరుకు నమ్మదగినది కాదు. పొడి కన్నా ద్రవ రూపం ఎక్కువ కాలం నిలుస్తుంది. ఎకరాకు అర లీటరు చాలు. కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రంలో గాని, పాలెం ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానంలో గాని విచారించి, విత్తే రోజుకు దగ్గరగా తెచ్చుకొని, ఎండ తగలని చల్లని గదిలో పురుగు మందులకు దూరంగా ఉంచండి.