అండమాన్‌ను 1945 దాకా ఎందుకు విడిపించలేదు?

1942 మార్చి 23న జపాన్ చేతికి చిక్కిన అండమాన్ దీవులను యుద్ధం ముగిసేవరకు మిత్రరాజ్యాలు ఎందుకు విడిపించలేదని మీరు అడిగారు. ఉద్యోగరీత్యా 2005 నుంచి ఆరేళ్ళు పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్నాను గనుక, చదివినదానికి అక్కడ చూసినదీ విన్నదీ జోడించి చెబుతాను.

విడిపించాలన్న ఆలోచన లేకపోలేదు. 1943 నవంబరులో కైరో సమావేశంలో, బంగాళాఖాతంలో సముద్రమార్గాన దాడి జరుపుతామని అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ చైనా నాయకుడు చియాంగ్ కై షేక్‌కు మాట ఇచ్చాడు. ఆ దాడికి ఎంచుకున్న చోటు అండమానే. పెట్టుకున్న పేరు ‘ఆపరేషన్ బకనీర్’. అయితే సైన్యాన్ని నేరుగా ఒడ్డున దించే పడవలకు అప్పట్లో అన్ని యుద్ధరంగాల్లోనూ కటకటగా ఉండేది. ఐరోపాలో తలపెట్టిన దాడులకు అవి కావలసి రావడంతో, డిసెంబరు మొదటివారంలోనే ఆ మాట వెనక్కి పోయింది.

ఆ తరువాత అవసరమూ తీరిపోయింది. పసిఫిక్‌లోని రబౌల్‌లో లక్షమంది దాకా జపాన్ సైనికులు ఉన్నా, అమెరికా దాని జోలికి పోకుండా, ఓడల రాకపోకలను అడ్డుకుని ముందుకు సాగిపోయింది. అండమాన్ విషయంలోనూ చివరికి జరిగింది అదే. అక్కడి సైన్యానికి సరుకులు చేర్చడానికి బయలుదేరిన ‘హగురో’ అనే జపాన్ భారీ క్రూయిజర్‌ను 1945 మే 16 తెల్లవారుజామున మలక్కా జలసంధిలో ఐదు బ్రిటిష్ డిస్ట్రాయర్లు చుట్టుముట్టి టార్పెడోలతో ముంచేశాయి. అందులో తొమ్మిది వందలమందికి పైగా చనిపోయారు.

ఓడ రాకపోవడమంటే ఏమిటో మైదానప్రాంతం వాళ్ళకు చెప్పి ఒప్పించడం కష్టం. నేనున్న రోజుల్లో, ఏ యుద్ధమూ లేని కాలంలో, వాయుగుండం వల్ల చెన్నై నుంచో విశాఖ నుంచో రావలసిన ఓడ వారం ఆలస్యమైతే చాలు, మా వీధి కొట్టులో ఉల్లిపాయల గోనెలు ఖాళీ అయిపోయేవి, కొట్టువాడు తక్కెడ పక్కన ఊరికే కూర్చునేవాడు.

పోర్ట్ బ్లెయిర్‌లో కార్బిన్స్ కోవ్ అనే సముద్రతీరానికి వెళ్ళే దారిలో జపానువాళ్ళ కాంక్రీటు బంకర్లు ఇప్పటికీ ఉన్నాయి. నేను చూసినదానిలోకి వంగితేగానీ వెళ్ళలేం. లోపలినుంచి చూస్తే గోడలోని సన్నని సందులోంచి సముద్రం తప్ప మరేమీ కనిపించదు. ఆ సందుకు ఎదురుగా ఏ సైన్యమూ దిగనేలేదు. దాడికోసం కాచుకుని కూర్చున్నవాళ్ళు, ఆ భయంలోనే, కనిపించినవాళ్ళనల్లా గూఢచారులనుకున్నారు. నేతాజీ పోర్ట్ బ్లెయిర్‌లో జెండా ఎగురవేసినది 1943 డిసెంబరు 30న. సరిగ్గా నెల తరువాత, 1944 జనవరి 30న, గూఢచారులన్న అనుమానంతోనే హంఫ్రీగంజ్ దగ్గర 44 మందిని జపానువాళ్ళు కాల్చి చంపారు. దానికి కొద్దిరోజుల ముందే అక్కడ వైద్యుడిగా పనిచేసిన పంజాబీ కవి డాక్టర్ దివాన్ సింగ్ సెల్యులార్ జైలులో చిత్రహింసలకు గురై చనిపోయారు. 1945 ఆగస్టులో, తిండి కరువైనప్పుడు, వందలమందిని పడవలెక్కించి తీసుకుపోయి హావ్‌లాక్ దీవి సమీపంలో సముద్రంలోకి తోసేశారు.

సైనికంగా చూస్తే దాటిపోవడం తెలివైన పనేనని నేనూ ఒప్పుకుంటాను. కాకపోతే దిగ్బంధంలో ఆకలి ముందుగా చేరేది తుపాకీ లేనివాళ్ళ ఇళ్ళకే అన్న సంగతి యుద్ధచరిత్రల్లో ఒక వాక్యానికి మించి కనిపించదు.

1942కు ముందే అక్కడ స్థిరపడ్డ కుటుంబాలను దీవుల్లో ‘ప్రీ-42’ అంటారు. మా పక్కింటి పెద్దాయన వాళ్ళలో ఒకరు. ఆ రోజుల్లో ఎనిమిదేళ్ళవాడు. 1945 అక్టోబరులో జింఖానా మైదానంలో జరిగిన లొంగుబాటు మీకు గుర్తుందా అని అడిగితే, లేదన్నారు. ఆ నెలలో ఓడలో వచ్చిన బియ్యాన్ని వాళ్ళమ్మ ఉడికేదాకా ఆగలేక, నానబెట్టి గుప్పెడు చేతిలో పోసిన సంగతి మాత్రం, ఆ గుప్పిట ఎలా పట్టుకున్నారో చూపించి మరీ చెప్పారు.