కాలువ పక్క ఇంటికి పిల్లాణ్ణి తెస్తున్న మేనకోడలికి

చిట్టీ,

పిల్లాణ్ణి తీసుకుని ఏడాదిపాటు మనూళ్లోనే ఉంటానన్నావని మీ అమ్మ చెప్పింది. ఇంటి నుంచే ఉద్యోగమట, వాడికి ఊరి బడేనట. ఆ పూటకే ఊరంతా చెప్పేశాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

టీకాల కాగితాలు, ఆధార్ తెచ్చుకో. దోమతెర ఇక్కడ కొంటాను.

బూచాడని బెదిరించను, అడిగినదానికి నిజమే చెబుతానన్నావట. మంచిదే. కానీ నిజం చెప్పేశాం కదా, పనైపోయిందనుకోకు. మీ నాన్న అలాగే అనుకున్నాడు.

1995 జనవరిలో పాశర్లపూడి గ్యాస్ బావి అంటుకున్నప్పుడు నీకు నాలుగేళ్లు. 65 రోజులు మండింది. రాత్రిళ్లు మన డాబా మీంచి ఆకాశం ఎర్రగా కనిపించేది. ఏంటది అని నువ్వడిగితే, సైన్సు మాస్టారు కదా, మీ నాన్న పలక మీద బొమ్మ గీసి మరీ చెప్పాడు. భూమి అడుగున గ్యాసుంటుంది, గొట్టం దింపి తవ్వారు, తన్నుకొచ్చి అంటుకుంది అని. ఒక్క ముక్క అబద్ధం లేదు. బుద్ధిగా తలూపావు. ఆ వేసవిలో పెరట్లో చేతిపంపుకి బోరు దింపేవాళ్లొచ్చారు. గొట్టం దిగుతుంటే నువ్వేడ్చిన ఏడుపు వీధంతా వినిపించింది. మొండిఘటం అని మీ అమ్మ వీపు మీద ఒకటేసింది. మీ అత్త ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీసింది. పంపు పెట్టాకా దాని దగ్గరికి పోయేదానివి కాదు. ఎన్నాళ్లకో లాకుల దగ్గర నా పక్కన కూచుని, పుల్లతో మట్టి గీకుతూ ఠక్కున ఆపేసి, "ఇంకా తవ్వితే మంటొస్తుంది మావయ్యా" అన్నావు. నీ లెక్కలో తప్పేముందే? గొట్టం దింపితే మంటన్నారు, పెరట్లోనే దింపుతున్నారు! ఆ బావి కిలోమీటర్ల లోతు, మన బోరు 60 అడుగులు అని నీకు చెప్పాలని ఒక్కళ్లకీ తోచలేదు. నీకేం అర్థమైందో అడగాలనీ తోచలేదు.

వాడికి ఏదైనా చెప్పాక, "ఇప్పుడు నువ్వు నాకు చెప్పు" అను. పాఠం అప్పజెప్పించుకున్నట్టు కాదు, అన్నం పెడుతూ అడుగు. నవ్వొచ్చినా నవ్వకు, మళ్లీ నోరు విప్పడు.

డబ్బుల్లేవంటే ఏటీఎంకి వెళ్దాం అన్నాడని చెప్పావు చూడు, అలాంటివి వాటంతటవే సర్దుకుంటాయి. నా భయమల్లా కాలువ. నిరుడు మే నెలలో వచ్చినప్పుడు, "ఇందులో నీళ్లుండవు, ఆడుకో" అని వాడితో అన్నావు. అప్పుడు కాలువ కట్టేసి ఉంది, నిజమే. మొన్న ఫోన్లో వాడు, "తాతయ్యా, మన గ్రౌండుంది కదా?" అన్నాడు. ఏ గ్రౌండురా అంటే కాలువేనట! జూన్‌లో ధవళేశ్వరం దగ్గర వదిలాక మనూరికి నీళ్లు ఏ అర్ధరాత్రో వస్తాయి. పొద్దున్నే లేచి బ్యాటు పట్టుకుని పరిగెత్తితే? లస్కరుగా కాలువ కాపలా చూసినన్నాళ్లూ ఆ గట్టు మీద చూడకూడనివి చూశాను. అవి నీకు చెప్పను.

నీళ్లు వదలకముందే రా. ఎండిన కాలువలోకి వాణ్ణి నేనే దింపి, నా ఎత్తు వెదురు గెడ వాడి చేత పట్టించి పాతుతాను. నీళ్లొచ్చాక ఎంత మునిగిందో గట్టు మీంచి వాడే చూస్తాడు. అది చూశాక కూడా పెరటి గేటుకి తాళం తియ్యొద్దు, తాళంచెవి నీ దగ్గరే ఉంచుకో. ఈ ఒక్క విషయంలో నీ మాట వినను, అలిగినా సరే.

రావులపాలెంలో బస్సు దిగి ఫోన్ చెయ్యి. ఆటో ఎక్కేయకు, నేనొస్తాను.

మీ మావయ్య